ఆ డబ్బా కబాడ్ కాదు, దుల్హా భాయ్!

పోయిన నెల ఒక జుమ్మా రోజు నమాజ్ అయ్యాక యాకుత్‌పురాలో మా ఆపా ఇంటికి వెళ్లాను. ఖానా అయింది, దస్తర్‌ఖాన్ ఎత్తారు. దుల్హా భాయ్ కుర్తా జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఒక కంప్యూటర్ దుకాణం వాళ్లు రాసిచ్చిన ఎస్టిమేట్ అది. ప్రాసెసర్ ఇంత, మదర్‌బోర్డు ఇంత, ర్యామ్ ఇంత, గ్రాఫిక్స్ కార్డు ఇంత, రంగురంగుల లైట్లు వెలిగే అద్దాల క్యాబినెట్ ఇంత. మొత్తం 84,000. అదీ మానిటర్ లేకుండా. అడుగున ఇంకో లైను: పాత సిస్టమ్ ఇచ్చేస్తే 1,500 తగ్గింపు.

"పన్నెండు నెలల కిస్తులట. సూద్ లేదట. నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తావు కదా, జర దేఖో, రేటు ఠీక్ ఉందా లేదా చెప్పు" అన్నారు.

ఎవరి కోసం అని అడిగాను. "బచ్చోఁకే వాస్తే" అన్నారు.

బచ్చే అంటే ఆ ఇంట్లో ఇద్దరు. భాంజా డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. భాంజీ డిగ్రీ అయిపోయి, ఇంట్లోనే కూర్చుని ఛత్తా బజార్ ప్రెస్సులకు షాదీ కార్డుల మేటర్ కంపోజ్ చేసి పంపుతుంది. ఉర్దూ అయితే ఇన్‌పేజ్‌లో, తెలుగు అయితే పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో. ఆ ఎస్టిమేట్‌లో రాసిన వస్తువుల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల పనికి కావలసింది లేదు. ఎక్స్‌ఛేంజ్ లైనులో 1,500కు పోతున్నది మాత్రం ఆమె రోజూ పనిచేసే డబ్బా.

ఆ రోజు నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. ఇంటికి వచ్చాక అనిపించింది, ఈ బహస్ ఒక్క మా ఆపా ఇంటిది కాదు. ఇలాంటి ఎస్టిమేట్ కాగితాలు ఇప్పుడు మన మొహల్లాల్లో చాలా జేబుల్లో ఉన్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా మాట సాఫ్‌గా ముందే చెప్పేస్తాను: మన ఇళ్లలో నూటికి తొంభై పనులకు కొత్తగా కట్టించే కంప్యూటర్ అక్కర్లేదు. ఉన్న బ్రాండెడ్ డబ్బాను విప్పి, లోపల ఏది బలహీనమో చూసి, దాన్ని మార్చుకుంటే చాలు. విప్పి చూడకుండానే "పారేయండి" అనేవాడి మాట నమ్మకండి, వాడు దుకాణ్‌దార్ అయినా సరే, సొంత కొడుకైనా సరే.

ముందు జమానా ఎలా ఉల్టా అయిందో యాద్ చేసుకుందాం. నా వయసు వాళ్లకు గుర్తుంటుంది. పాతికేళ్ల కింద బ్రాండెడ్ కంప్యూటర్ అంటే బ్యాంకులకూ పెద్ద దఫ్తర్లకూ మాత్రమే. మనలాంటి వాళ్లం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర దిగి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కేవాళ్లం. ఒక దుకాణంలో మదర్‌బోర్డు, ఇంకో దుకాణంలో ర్యామ్, రేట్లు బేరమాడి ముక్కలు ముక్కలుగా కొని కట్టించుకునేవాళ్లం. "అసెంబుల్డ్" అంటే గరీబోళ్ల కంప్యూటర్ అని అర్థం. మా దఫ్తర్ కుర్రాళ్లు ఆ మాట అంటే కొంచెం తక్కువ చూపే ఉండేది.

ఇప్పుడు మామ్‌లా తిరగబడింది. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీలు కొన్నేళ్లకోసారి తమ కంప్యూటర్లన్నీ లాట్లుగా అమ్మేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఇవన్నీ నల్లటి సాదా డబ్బాలు. దఫ్తర్లలో రోజంతా నడవడానికి తయారైనవి. తుడిచి, సరిచేసి, సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్నారు. అంటే బ్రాండెడ్ ఇప్పుడు గరీబోళ్లది అయింది. ముక్కలు ఏరి కట్టించుకునేదేమో "కస్టమ్ బిల్డ్" అనే కొత్త నామ్‌తో నుమాయిష్ వస్తువైంది. పక్కన అద్దం, లోపల లైట్లు, వచ్చిన మెహ్మాన్ చూసి మాషాఅల్లా అనాలి. నల్ల డబ్బాను చూసి ఎవరూ మాషాఅల్లా అనరు కదా! మన హిసాబ్‌లోకి ఇజ్జత్ ఎప్పుడు వచ్చి కూర్చుందో మనకే తెలియలేదు.

ఇక దుల్హా భాయ్ చెప్పిన దలీల్‌లు ఒక్కొక్కటీ తీసుకుంటాను. ఇవే మాటలు మీ ఇంట్లోనూ విని ఉంటారు.

మొదటిది: "విండోస్ 10 బంద్ అయిపోయింది, ఆ కంప్యూటర్ ఇక పనికిరాదని దుకాణం వాడు చెప్పాడు."

సగం సచ్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. అంటే కంప్యూటర్ ఆగిపోయిందని కాదు, భద్రతకు సంబంధించిన మరమ్మతులు రావడం ఆగిపోయిందని. ఇంటర్నెట్‌లో బ్యాంకు పని చేసేవాళ్లకు అది ఖతర్‌నాకే, కాదనను. దీనికి దారి విండోస్ 11. దానికి రెండు ముఖ్యమైన షరతులున్నాయి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. తరం తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. డబ్బా మీద స్టిక్కర్‌లోనో, సిస్టమ్ వివరాల్లోనో ఐ5 తర్వాత ఒక అంకె ఉంటుంది. 6500 అంటే ఆరో తరం. 7500 అంటే ఏడు. 8500 అంటే ఎనిమిది. 10500 అంటే పది. అంతే.

భాంజీ పనిచేసే డబ్బా చూశాను. ఐ5-8500. 2018 నాటి చిప్, ఆరు కోర్లు. విండోస్ 11కు ముమ్మాటికీ అర్హత ఉన్నదే. మరి "ఈ కంప్యూటర్ పనికిరాదు" అని స్క్రీన్ మీద ఎందుకు వచ్చింది? బయోస్‌లోకి వెళ్లి చూస్తే టీపీఎం ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయడానికి పట్టింది రెండు నిమిషాలు. ఆ దుకాణం వాడు డబ్బాను కళ్లతో చూడలేదు, మోడల్ నంబర్ అడగలేదు. "పురానా హై? తో ఖతమ్" అన్నాడు. ఇది సలహా కాదు భాయ్, సౌదా.

నిజంగానే ఆరో తరమో ఏడో తరమో ఉన్నవాళ్లు ఏం చేయాలి? 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వెసులుబాటు మైక్రోసాఫ్టే ఇచ్చింది. ఆ తర్వాత లైనక్స్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటివి పాత డబ్బాల మీద హాయిగా నడుస్తాయి. చదువుకునే పిల్లలకు, ఇంటర్నెట్‌కు, ఉత్తరాలకు, లెక్కలకు సరిపోతాయి. యూనికోడ్‌లో ఉర్దూ నస్తాలీఖ్ కూడా బ్రహ్మాండంగా వస్తుంది, తెలుగూ వస్తుంది. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా పిల్లలు లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. ఇన్‌పేజ్, అనూ మీద రోజీ నడిచేవాళ్లకు మాత్రం విండోస్ తప్పదు. వాళ్లు ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ డబ్బా వెతుక్కోవాలి. దానికి 84,000 ఎస్టిమేట్ అవసరం లేదు.

రెండో దలీల్: "బహుత్ స్లో హై. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెరుచుకోదు."

అది సచ్. ఎందుకు స్లో అయిందో మాత్రం ఎవరూ అడగలేదు. అస్ర్ తర్వాత భాంజీని పిలిచి, "స్క్రూ డ్రైవర్ తే బేటా" అన్నాను. ప్లగ్ తీసేసి, డబ్బాను దస్తర్‌ఖాన్ పరిచిన చోటే పడుకోబెట్టి, సైడ్ రేకు లాగాం. లోపల ఆరేడేళ్ల గర్ద్. ఫ్యాను రెక్కల మీద దూది పట్టినట్టు దుమ్ము. ర్యామ్ ఒకే ఒక పలక, 8 జీబీ. దాని పక్క స్లాట్ ఖాళీ. కింద ఒక పాత హార్డ్ డిస్కు. ఆ పిల్ల మూడేళ్లుగా దాని మీద కమాయించి ఇంటికి ఇస్తోంది, లోపల ఏముందో చూడటం అదే మొదటిసారి.

అసలు ముజ్రిమ్ ఆ హార్డ్ డిస్కే. అందులో పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద ఒక సూది కదులుతూ అక్షరాలు ఏరుకుంటుంది. ఒక ఫైలు ముక్క ఈ చివర, ఇంకో ముక్క ఆ చివర ఉంటే సూది పరిగెత్తాలి. ఒక్కో పరుగుకు సెకనులో వందో వంతు పడుతుంది. వినడానికి తక్కువే, కానీ విండోస్ తెరుచుకోవాలంటే అలాంటి పరుగులు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, సూదీ లేదు. అదే పని పదుల రెట్లు త్వరగా అయిపోతుంది. అంటే ప్రాసెసర్ జవాన్‌గానే ఉంది, దానికి అన్నం అందించే చేయి ముసలిదైంది. మనం చేయిని మార్చకుండా మనిషినే మార్చేద్దామంటున్నాం.

మేం కొన్నవి చెబుతాను, రాసుకోండి. ఒక 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇంకో 8 జీబీ ర్యామ్ పలక, సెకండ్ హ్యాండ్‌దే. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ ఒక ట్యూబు. మదర్‌బోర్డు మీద గుండ్రటి సెల్లు ఒకటి. ఈ సెల్లు అయిపోతే కంప్యూటర్ గడియారం తప్పుతుంది, గడియారం తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. చాలామంది దీన్నే వైరస్ అనుకుంటారు. అన్నీ కలిపి 7,900 అయింది. దుమ్ము దులిపి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 వేశాం. ఆన్ చేశాక భాంజీ చాయ్‌కి లేవబోయింది. లేచేలోపే తెరుచుకుంది. మళ్లీ కూర్చుంది.

ఇన్‌పేజ్ 1990ల్లో పుట్టిన సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. వీటికి వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? ట్యాలీకి ఎందుకు? ఆన్‌లైన్ మాక్ టెస్టులకు, మీసేవా ఫారాలకు ఎందుకు? పని ఏమిటో అడగకుండా మెషీన్ ఎంచుకోవడం, బీమారీ తెలియకుండా దవా కొనడమే.

మూడో దలీల్: "ఇప్పుడే మంచిది కట్టించేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

కొత్తది కట్టించడానికి ఇది చాలా ఖరాబ్ వఖ్త్. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు కావాలి. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ మూడు కంపెనీలే ప్రపంచంలో ఎక్కువ భాగం ర్యామ్ తయారు చేస్తాయి. లాభం ఎటు ఎక్కువ ఉంటే అటు తిరిగాయి. ఇళ్లలో వాడే ర్యామ్ ధరలు 2025 ఆఖరు నెలల్లో రెట్టింపు దాటాయి. అదే డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. పాత ర్యామ్ కూడా పెరిగింది, మేం కొన్న పలకకే రెండేళ్ల కింద ఇందులో సగం కూడా అయ్యేది కాదు. అందుకే చెబుతున్నా, ఇవాళ ఒక పాత డబ్బాలో ర్యామ్ ఉందంటే అది 1,500కు ఎక్స్‌ఛేంజ్‌లో పడేసే వస్తువు కాదు. ఆ దుకాణం వాడికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

నాలుగో దలీల్‌ను నేను నవ్వి తీసేయలేను. దుల్హా భాయ్ గొంతు తగ్గించి అన్నారు: "లడ్కా గేమ్ ఆడుకుంటే ఆడుకోనీ. రాత్రి చబూత్రా మీద కూర్చోకుండా ఇంట్లో ఉంటాడు కదా."

మన పాత బస్తీలో కొడుకున్న ప్రతి ఇంట్లో ఈ డర్ ఉంది. ఆపరేషన్ చబుత్రా పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పోలీసులు ఠాణాకు ఎత్తుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేసిన రోజులు చూశాం. మైదానాలు లేవు, లైబ్రరీలు దూరం. కుర్రాడు ఇంట్లో ఉండాలని తండ్రి కోరుకోవడం గలత్ కాదు. గేమ్ ఆడటమూ గునాహ్ అని నేను అనను, ఆ బహస్ ఉలమాకు వదిలేస్తా. కానీ దానికి 84,000 అక్కర్లేదు. నిలువు డబ్బా అయితే, స్లాట్ నుంచే కరెంటు తీసుకునే చిన్న గ్రాఫిక్స్ కార్డులున్నాయి. జీటీఎక్స్ 1650 అని ఒకటి, ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది ఒకటి. 75 వాట్లు దాటవు, విడిగా పవర్ కేబుల్ అడగని రకం చూసుకుని తీసుకోవాలి. పాత డబ్బాలోనే పెట్టుకోవచ్చు. ముందు చెల్లి పని, ఆ తర్వాత డబ్బు కూడితే అన్న కార్డు. క్రమం ఇదీ. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. క్రిప్టో నాణేలు తవ్వడానికి రాత్రింబవళ్లు కాల్చిన కార్డులు 2022 తర్వాత బజార్లో చాలా పడ్డాయి. ఆన్ చేసి, అరగంట నడిపి చూపించమనండి.

ఇంకో మాట కూడా ఉంది: "తానే కట్టుకుంటాడు, హునర్ వస్తుంది." వస్తే నాకన్నా ఖుష్ అయ్యేవాడు ఎవరు? బుల్లెట్ బండి ఇంజిన్ కళ్లు మూసుకుని విప్పి బిగించే ఉస్తాద్‌లున్న మొహల్లాలు మనవి. కానీ ఆ ఎస్టిమేట్‌లో "ఫిట్టింగ్ చార్జీలు" అని ఒక లైను ఉంది. కట్టేది దుకాణం వాడు. మనవాడు లైట్ల రంగు ఎంచుకుంటాడు. హునర్ కావాలంటే ఎదురుగా ఉన్న పాత డబ్బా విప్పనీయండి. తప్పు చేస్తే పోయేది చిన్న వస్తువు. దాంతో చేయి తిరిగాక, సొంత కమాయితో ఒక్కో ముక్కా కొనుక్కుని కట్టుకుంటానంటే, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నేనే వెంట వెళ్తా.

ఇప్పుడు ఆ "సూద్ లేని కిస్తుల" సంగతి. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. అఖ్బార్‌వాడిగా నాకు తెలిసిన హఖీఖత్ మాత్రం చెబుతాను. జీరో పర్సెంట్ అనేది అసలు ఉండదనీ, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారనీ 2013లో మన రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. ఆ తర్వాత "నో కాస్ట్" అనే కొత్త లిబాస్ వచ్చింది. అక్కడ వడ్డీ ఎంతో అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు. లోన్ కాగితంలో వడ్డీ కాలమ్ అలాగే ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. దుకాణ్‌దారే ఒక ధర ఖాయం చేసి, తనే వాయిదాల్లో తీసుకుంటే అది వేరే మస్‌అలా. మధ్యలో ఫైనాన్స్ కంపెనీ ఉందంటే, సంతకం పెట్టేముందు ఆ కాగితం మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌కు చూపించి అడగండి. బ్యాంకు వడ్డీ ముట్టనని సేవింగ్స్ ఖాతా వడ్డీని విడిగా లెక్కగట్టి ఇచ్చేసే మనుషులం మనం. కొడుకు క్యాబినెట్‌లో లైట్ల కోసం అదే తలుపు తెరుస్తున్నాం.

బిజిలీ హిసాబ్ కూడా చూడండి. గేమ్ ఆడేటప్పుడు అలాంటి కంప్యూటర్ 300 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు ఐదు గంటలైతే ఒకటిన్నర యూనిట్, నెలకు 45 యూనిట్లు. దఫ్తర్ డబ్బా మామూలు పనిలో 50 వాట్లు లాగినా నెలకు ఏడున్నర యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. 200 దాటిన నెల మొత్తం బిల్లు మీ మీదే. ఎండాకాలం కూలర్ నడిచే ఇంట్లో ఆ 37 యూనిట్ల తేడా ఏం చేస్తుందో లెక్క వేసుకోండి.

ఎక్స్‌ఛేంజ్‌లో పాత డబ్బా ఇచ్చేవాళ్లకు ఇంకొక్క మాట, ముఖ్యంగా బెహనోఁకు. హార్డ్ డిస్కులో ఫొటోలు డిలీట్ చేస్తే పోవు. మామూలుగా ఫార్మాట్ కొట్టినా పోవు. వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఆపా ఇంటి డిస్కులో రెండు షాదీల ఫొటోలున్నాయి, ఇంటిల్లిపాది ఆధార్ కాపీలున్నాయి. గుమ్మం బయట నిలబడ్డ పరాయి మనిషి కంటపడకుండా పర్దా సర్దుకునే ఇల్లు అది. అక్కడి ఆడపిల్లల తస్వీర్లన్నీ 1,500 తగ్గింపుకు ఎవరి చేతికో ఇచ్చేయబోయాం, ఎవరికీ ఆ ఖయాలే రాలేదు. ఇచ్చే ముందు డిస్కు తీసేసుకోండి. మేం తీసిన డిస్కును ఒక యూఎస్‌బీ కేసులో పెట్టాం. భాంజీ కార్డుల ఫైళ్లకు అదిప్పుడు బ్యాకప్.

ఇన్సాఫ్‌గా అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. కట్టించుకున్న కంప్యూటర్‌కు ఒక అసలైన బలం ఉంది: ముక్కలన్నీ అందరికీ ఒకే కొలత. పవర్ సప్లై పోతే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, మదర్‌బోర్డు మార్చుకోవచ్చు. దఫ్తర్ డబ్బాల్లో కంపెనీ తన సొంత కొలతలు పెడుతుంది. పవర్ సప్లై చిన్నది, దాని కనెక్టర్లు చాలా మోడళ్లలో వేరు. మదర్‌బోర్డు పోతే అదే మోడల్ వెతకాలి. సన్నటి చిన్న డబ్బాలో పెద్ద కార్డు దూరదు. ఇవన్నీ నిజాలే. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు నిలువు డబ్బానే తీసుకోండి. షాదీ వీడియోలు 4కేలో ఎడిట్ చేసి ఇచ్చే స్టూడియోవాళ్లకు, త్రీడీ, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు మంచి మెషీన్ కట్టించుకోవడం జాయజ్ ఖర్చు. అది వాళ్ల కుట్టుమిషను, వాళ్ల ఆటో. అది కమాయించి ఇస్తుంది. నాలుగో తరం, అంతకన్నా పాత డబ్బాలున్న వాళ్లకూ చెబుతున్నా: వాటి మీద వేలు పోయకండి. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, లైనక్స్, అంతవరకే. బాగుచేసే ఖర్చు ఇంకో మంచి పాత డబ్బా ధరలో సగం దాటితే, బాగుచేయడం కూడా ఇస్రాఫే.

ఇస్రాఫ్ అనే మాట మనం వలీమాల మీద, పందిళ్ల మీద జుమ్మా ఖుత్బాల్లో వింటాం. కంప్యూటర్ మీద ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాని మీద తాలీమ్ అనే లేబుల్ ఉంటుంది. తాలీమ్ పేరు చెబితే తండ్రి మెత్తబడతాడు. మన రసూల్ (స.అ.స.) తన చెప్పులు తానే బాగుచేసుకునేవారు, తన బట్టలకు తానే అతుకు వేసుకునేవారు అని హజ్రత్ ఆయిషా (రజి.) రివాయత్ మనందరం చిన్నప్పుడే విన్నాం. అతుకు వేసుకోవడం మనకు సున్నత్. అందులో సిగ్గు ఎప్పుడు చేరింది?

ఆఖరుకు, ఆ రోజు నన్ను నిజంగా కలవరపెట్టిన సంగతి. "బచ్చోఁకే వాస్తే" అన్నారు కదా, కొత్త కంప్యూటర్ ఎక్కడ పెడతారు అని అడిగాను. పై గదిలో, అంటే భాంజా గదిలో. పాస్‌వర్డ్ ఎవరిది? ఎవరూ మాట్లాడలేదు. చాయ్ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భాంజీ మెల్లగా అడిగింది: "మామూ, ఫిర్ మైఁ కార్డాఁ కాఁ బనాఊఁ?"

82,500ను పన్నెండుతో భాగిస్తే నెలకు 6,875. ఆ కిస్తు ఎవరి ఆమ్దనీలోంచి కడతారని అడగాల్సిన అవసరం రాలేదు. దుల్హా భాయ్ తనఖ్వా కిరాయికి, రేషన్‌కు పోతుంది. మిగిలేది ఆ పిల్ల కార్డుల కమాయి. అంటే ఆమె డబ్బా అమ్మి, ఆమె కమాయితో కిస్తులు కట్టి, ఆమె వెళ్లలేని గదిలో ఒక కంప్యూటర్ పెడుతున్నారు. దాని పేరు కస్టమ్ బిల్డ్. ఎవరి కొలతలకు కట్టారండీ అది? ఇందులో ఎవరి నియ్యత్తూ ఖరాబ్ కాదు. మా ఆపా, దుల్హా భాయ్ ఆ పిల్లను కళ్లల్లో పెట్టుకుని చూసుకునేవాళ్లే. అలవాటు వాళ్ల చేత అలా రాయించింది. కొడుకుది అయితే ఇన్వెస్ట్‌మెంట్, కూతురిది అయితే టైంపాస్. కూతురు నెల నెలా కమాయించి తెస్తున్నా సరే.

ఎస్టిమేట్ కాగితం ప్రస్తుతానికి అల్మారాలో ఉంది, చింపలేదు. భాంజా నాతో వారం రోజులు మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేశాడు. "మామూ, ఆ 1650 కార్డు మన డబ్బాలో నిజంగా పడుతుందా?" అని అడిగాడు. ముందు చెల్లి దగ్గర ఇజాజత్ తీసుకో, డబ్బా ఆమెది అన్నాను. "హౌ మామూ" అన్నాడు. ఆ డబ్బా ఇప్పుడు హాల్లో ఉంది, పాస్‌వర్డ్ భాంజీది. ఈ షాబాన్‌లో ఆమెకు కార్డుల ఆర్డర్లు బాగానే వచ్చాయి.

మీ జేబులోనూ అలాంటి కాగితం ఉంటే, సంతకం పెట్టేముందు ఒక స్క్రూ డ్రైవర్ తీసుకోండి. మీ పాత డబ్బా విప్పండి. విప్పేటప్పుడు పక్కన మీ కూతురిని కూర్చోబెట్టుకోండి. ఆమె ఏం పని చేస్తుందో, దానికి ఏం కావాలో ముందు ఆమెను అడగండి. దుకాణం వాడిని తర్వాత అడగొచ్చు.

వస్సలాం.